కంప్యూటరు మేల్కొననిచో సంఘములు చేయవలసిన పని

మన సహకార సంఘముల కార్యాలయములలో ఇనుప బీరువా ప్రక్కన కంప్యూటరునకు స్థానము కలిగి కొన్ని సంవత్సరములైనది. సభ్యుడు తీసికొన్న అప్పు, చెల్లించిన వాయిదా, గిడ్డంగిలోని ఎరువు నిలువ, కొనుగోలు కేంద్రమునకు వచ్చిన ధాన్యపు తూకము మొదలగునవి నేడు దానియందే వ్రాయబడుచున్నవి. 2022వ సంవత్సరము జూను 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరు క్రిందికి తెచ్చుటకై 2,516 కోట్ల రూపాయల అంచనాతో నొక పథకము నంగీకరించినది. చిట్టాలను చెదలు తినుట, పద్దులు కొట్టివేతలతో నిండుట మొదలగు పాత బాధలు దీనివలన చాలవరకు తీరుచున్నవి. అయితే దానివెంట నొక క్రొత్త బాధయు వచ్చినది. ఉదయమున గుమాస్తా వచ్చి మీట నొక్కగా కంప్యూటరు మేల్కొనకున్నచో, వాకిట ధాన్యపు ట్రాక్టరుతో నిలిచిన రైతునకు ఆ దినము పని జరుగదు.

అంతకన్న పెద్ద అపాయము దాని వెనుక పొంచియుండును. తొందరలో పిలిపించిన మరమ్మతుదారు "ఇది లేవదు, ఫార్మాటు చేయవలెను" అని యనును. ఫార్మాటు చేసి విండోసును తిరిగి ఎక్కించుట యనగా డిస్కుపై నున్న పాత వ్రాతను పోగొట్టి క్రొత్తగా మొదలిడుట. యంత్రము రెండు మూడు గంటలలో లేచి కూర్చుండును గాని, వేరుచోట నకలు లేని పద్దులు దానితోనే పోవును. ఫర్మువేరు సెట్టింగులను మార్చినందువలన నిలిచిపోయిన కంప్యూటరులో డిస్కుపైని వ్రాత సాధారణముగా చెక్కుచెదరక యుండును. ఈ యొక్క సంగతిని కార్యదర్శులును, పాలకవర్గమువారును ఎరిగియుండుట సంఘమునకు మేలు. కావున ఈ నెల దీనినిగూర్చియే వ్రాయదలచితిమి.

నీరటికాని పని

చెరువు క్రింద సేద్యము చేయువారికి నీరటికాని పని ఎట్టిదో చెప్పనక్కరలేదు. ఏ తూము ఎప్పుడెత్తవలెనో, ఏ కాలువకు నీరు వదలవలెనో అతనికి తెలియును. అతనికి తప్పుడు తూము చూపించినచో చెరువు నిండుగా నున్నను పొలమునకు నీరు చేరదు. అంతమాత్రమున చెరువు ఎండినదని ఎవరును అనరు.

కంప్యూటరులో ఫర్మువేరు చేయు పని ఇట్టిదే. మదరుబోర్డు అను పెద్ద పలకపై నొక చిన్న చిప్పులో అది నిలిచియుండును. కరెంటు రాగానే మొదట లేచునది అదియే. మెమొరీని, తెరను, కీబోర్డును, డిస్కులను వరుసగా పరీక్షించి, విండోసు ఏ డిస్కుపై నున్నదో వెదకి, పనిని దాని కప్పగించి తాను తప్పుకొనును. ఐబియమ్ కంపెనీ 1981వ సంవత్సరమున తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసిన నాటినుండి ఈ కార్యక్రమమునకు బయోస్ అను పేరు ప్రసిద్ధమైనది. దాని స్థానమున యుఇఎఫ్ఐ అను క్రొత్త పద్ధతి వచ్చినది. దానిని సాగించు సంస్థ 2005లో ఏర్పడినది. నేటికిని వ్యవహారములో రెంటిని బయోస్ అనియే పిలుచుచున్నారు.

ఈ రెండు పద్ధతులకును ముఖ్యమైన భేద మొకటి కలదు. డిస్కు మొదట, ఏ భాగము ఎచ్చట నున్నదో తెలుపు పట్టిక యుండును. విండోసు మేల్కొనుటకు పాత పద్ధతిలో ఎమ్‌బిఆర్ అను పట్టికయు, క్రొత్త పద్ధతిలో జిపిటి అను పట్టికయు ఉండవలెను. యంత్రమును క్రొత్త పద్ధతికి మార్చి డిస్కును పాత పట్టికతోనే ఉంచినచో, ఫర్మువేరు డిస్కును చూచుచునే "ఇందులో మేల్కొలుపదగిన దేదియు లేదు" అని చెప్పును. చెరువు నిండుగనే యున్నది. తూము మాత్రము మారినది.

ఇప్పుడీ బాధ ఏల హెచ్చినది?

మైక్రోసాఫ్టు కంపెనీ 2021వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన విండోస్ 11ను విడుదల చేసినది. దానికి యుఇఎఫ్ఐ పద్ధతియు, సెక్యూర్ బూటునకు తగిన ఫర్మువేరును, టిపిఎమ్ 2.0 అను రక్షణ చిప్పును ఉండవలెనని నియమము పెట్టినది. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి సాధారణ పోషణ గడువు తీరినది. ఈ కారణమున పాత యంత్రములను క్రొత్తదానికి సిద్ధపరచు యత్నములు అంతట సాగినవి. ఎవరో చెప్పగా విని ఫర్మువేరు పుటలోనికి పోయి, సిఎస్ఎమ్ అను పాత పద్ధతి మీటను తీసివేసి, సెక్యూర్ బూటును పెట్టి, భద్రపరచి బయటికి వచ్చువారు పలువురు. డిస్కు పట్టిక పాతదైనచో మరునిమిషమున యంత్రము నిలిచిపోవును.

ముందు చూచి, పిదప చేయుట

రోగము తెలియక మందు వేయరాదు. కంప్యూటరు ఎచ్చట నిలిచినదో గుర్తించినచో సగము పని తీరినట్లే.

మొదటి గుర్తు: దీపము వెలుగదు, పంకా తిరుగదు. ఇది సెట్టింగుల దోషము కాకపోవుటే మెండు. ప్లగ్గును, తీగను, యుపిఎస్‌ను, యంత్రము వెనుకనున్న చిన్న మీటను చూడవలెను.

రెండవ గుర్తు: పంకా తిరుగును, తెర నల్లగా నుండును. మెమొరీ వేగమును హెచ్చించినను, తెరకు బొమ్మ పంపు మార్గమును మార్చినను ఇట్లగును. పాత గ్రాఫిక్స్ కార్డు గల యంత్రములో సిఎస్ఎమ్‌ను తీసివేసినప్పుడు కూడ కార్డు క్రొత్త పద్ధతిని ఎరుగక తెర నల్లబడవచ్చును. ఇట్టి సమయమున వెంటనే కరెంటు తీయక కొన్ని నిమిషములు ఓపికపట్టవలెను. అనేక బోర్డులు తామే రెండు మూడు పర్యాయములు యత్నించి, విఫలమైనచో సురక్షితమైన సెట్టింగులకు తిరిగివచ్చును. తెర తీగను కార్డునుండి తీసి, బోర్డునకే యున్న రంధ్రములో పెట్టి చూచుటయు మంచిది.

మూడవ గుర్తు: కంపెనీ ముద్ర తెరపై కనబడును, పిదప "నో బూటబుల్ డివైస్" అను మాట వచ్చును, లేదా యంత్రము తానే మరల మరల ఫర్మువేరు పుటకు పోవును. మొదట యంత్రమునకు తగిలించిన పెన్‌డ్రైవులను తీసివేయవలెను. తరువాత ఫర్మువేరు పుటలో డిస్కు పేరు కనబడుచున్నదో లేదో చూడవలెను. కనబడినచో, బూటు వరుసలో విండోసు గల డిస్కును మొదటికి తేవలెను. సిఎస్ఎమ్ లేక లెగసీ అను మీటను మార్చియున్నచో పూర్వ స్థితికి తేవలెను. చాల యంత్రములు ఇంతటితో లేచును. కనబడనిచో డిస్కు తీగ సడలినదేమో పరీక్షించవలెను.

నాల్గవ గుర్తు: విండోసు మొదలై నీలి తెరపై "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఆగును. డిస్కుతో మాటలాడు పద్ధతి మారినప్పుడు ఇది తరచుగా కలుగును. ఎహెచ్‌సిఐ, రెయిడ్, విఎమ్‌డి అను పేర్లతో ఆ పద్ధతు లుండును. పూర్వము ఏది యుండెనో దానినే తిరిగి పెట్టినచో విండోసు తన డిస్కును గుర్తించును.

ఫర్మువేరు పుటలోనికి పోవుటకు యంత్రము లేచుచుండగనే ఒక మీటను మాటిమాటికి నొక్కవలెను. డెల్ యంత్రములకు ఎఫ్ 2, హెచ్‌పి యంత్రములకు ఎస్కేప్ లేక ఎఫ్ 10, ఆసుస్ బోర్డులకు డిలీట్ లేక ఎఫ్ 2 సాధారణము. ఒకసారికి ఒక సెట్టింగునే మార్చి, యంత్రమును లేపి చూచి, ఫలితమును కాగితముపై వ్రాసికొనవలెను. ఐదింటిని ఒక్కసారిగా మార్చినవానికి ఏది మేలుచేసినదో, ఏది కీడుచేసినదో తెలియదు.

సెట్టింగులను తుడుచు విధము

తెరయే రానప్పుడు పుటలోనికి పోవుట అసాధ్యము. అట్టి యెడ సెట్టింగులను తుడిచివేసి యంత్రమును కర్మాగారమునుండి వచ్చినప్పటి స్థితికి తేవలెను. మేజాపై నుంచు కంప్యూటరులకు ఈ క్రమము వర్తించును. యంత్రమును ఆపి, ప్లగ్గును గోడనుండి పూర్తిగా తీయవలెను. మీటను పది సెకండ్లు నొక్కిపట్టినచో లోపల మిగిలిన కరెంటు పోవును. మూత తెరచి, దేహమందలి స్థిర విద్యుత్తు పోవుటకై ఇనుప చట్రమును చేతితో తాకవలెను. రూపాయి బిళ్ళను బోలిన బ్యాటరీ యొకటి బోర్డుపై నుండును. చాల బోర్డులలో దాని పేరు సిఆర్ 2032, బలము 3 వోల్టులు. దానిని మెల్లగా తీసి పది నిమిషములు ఆగి, ధన చిహ్నము పైకి వచ్చునట్లు తిరిగి పెట్టవలెను.

కొన్ని క్రొత్త బోర్డులు తమ సెట్టింగులను బ్యాటరీ బలముపై గాక చిప్పులోనే దాచుకొనును. వానికి బ్యాటరీ తీసినంతమాత్రమున ఫలముండదు. బోర్డుపై "క్లియర్ సిమాస్" అని వ్రాసియున్న రెండు సూదులను కొన్ని సెకండ్లు కలుపుటయో, ఆ పేరుగల మీటను నొక్కుటయో చేయవలెను. ఏ బోర్డునకు ఏ పద్ధతియో దానితో వచ్చిన పుస్తకమున నుండును. ల్యాప్‌టాపులను మాత్రము తెలియనివారు విప్పరాదు.

యంత్రము లేచిన పిదప పని ముగిసినదని తలపరాదు. తుడిచివేతతో తేదీ, బూటు వరుస, డిస్కు పద్ధతి అన్నియు మొదటి స్థితికి పోవును; మీ విండోసు వేరొక స్థితిలో ఎక్కించినదైనచో మరల మూడవ, నాల్గవ గుర్తులు కనబడవచ్చును. అప్పుడు పైన చెప్పిన రీతిని సరిచేయవలెను. యంత్రము ఆపిన ప్రతిసారియు తేదీ వెనుకకు పోవుచున్నచో ఆ బ్యాటరీ బలము తీరినదని గ్రహించి, క్రొత్తది వేయవలెను. తేదీ తప్పినచో రసీదులపై తేదీ తప్పును. బ్యాంకు సర్వరుతో సంబంధమును కుదురకపోవచ్చును.

డిస్కుకు తాళమున్నచో

ఇచ్చట మిక్కిలి మెలకువ కావలెను. బిట్‌లాకర్ అను తాళము వేసిన యంత్రములలో డిస్కుపైని వ్రాత గూఢలిపిలో నుండును. దాని తాళపుచెవి టిపిఎమ్ చిప్పులో దాగియుండును. ఫర్మువేరు మారినదని ఆ చిప్పు పసిగట్టినచో చెవిని ఇయ్యక, 48 అంకెల రికవరీ కీని అడుగును. కొన్ని యంత్రములలో యజమాని స్పష్టముగా కోరకయే ఈ తాళము పడియుండును. ఆ కీ మైక్రోసాఫ్టు ఖాతాలోనో, యంత్రమును సమకూర్చిన కార్యాలయమువారి వద్దనో, అచ్చుతీసిన కాగితముపైననో ఉండును. అది ఎచ్చటను లేనిచో, నిపుణుడును ఆ డిస్కును చదువజాలడు.

కాబట్టి తాళము అడుగు తెర కనబడగానే మొదట మార్చిన సెట్టింగును వెనుకకు తీసికొని చూడవలెను. చాలసార్లు అంతటితో చిప్పు సమాధానపడును. కీ చేతికి రాకమునుపు "క్లియర్ టిపిఎమ్" అను మీటను ఎంతమాత్రము నొక్కరాదు. బ్యాటరీ తీయుట, ఫర్మువేరు నూతన ప్రతిని ఎక్కించుట కూడ కొన్ని యంత్రములలో ఈ చిక్కునే తెచ్చును. ముందుగా తెలిసి మార్పు చేయువారు విండోసులోనే బిట్‌లాకర్‌ను తాత్కాలికముగా నిలిపి, పని ముగిసిన వెనుక తిరిగి సాగించవలెను.

ఫర్మువేరు నూతన ప్రతిని ఎక్కించునప్పుడు మరొక జాగ్రత్త. నడుమ కరెంటు పోయినచో చిప్పులోని వ్రాత సగమై, నీరటికాడే లేనట్లగును. కొన్ని బోర్డులకు రెండవ ప్రతియో, పెన్‌డ్రైవునుండి తిరిగి వ్రాయు సదుపాయమో కలదు. లేనివానికి చిప్పును వేరు పరికరముతో వ్రాయించవలెను. అట్టి పని సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి కంప్యూటరు అంగళ్ళలో దొరకును. యుపిఎస్ లేక పల్లెలో ఈ పనికి పూనుకొనరాదు.

హైదరాబాదు చూచిన ఒక దినము

1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు మాధాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించిరి. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్టు తన భారత అభివృద్ధి కేంద్రమును హైదరాబాదున నెలకొల్పినది. రాతిగుట్టల నడుమ మొదలైన హైటెక్ సిటీ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు పెరిగినది. ఇంటెల్, ఎఎమ్‌డి, క్వాల్‌కామ్ వంటి చిప్పుల కంపెనీలకు నేడు హైదరాబాదులో కార్యాలయములున్నవి. మన రైతుల బిడ్డలనేకులు ఆ మేడలలో పనిచేయుచున్నారు. అంతటి విద్య గల పట్టణము సయితము యంత్రములు మేల్కొనని దినమొకటి చూచినది.

2024వ సంవత్సరము జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ కంపెనీ లోకమంతట పంపిన ఒక దోషభూయిష్టమైన ఫైలువలన విండోసు యంత్రములు నీలి తెరతో ఆగి, మరల మరల లేవజూచి పడిపోయినవి. వాని సంఖ్య 85 లక్షలని మైక్రోసాఫ్టు అంచనా వేసినది. శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. ఆ దోషము ఫర్మువేరు సెట్టింగులది కాదు. అయినను మనకు పనికివచ్చు పాఠములు అందులో మూడు కలవు.

మొదటిది, డిస్కులపైని వ్రాత పోలేదు. యంత్రమును సేఫ్ మోడులో లేపి ఆ యొక్క ఫైలును తీసివేయగా లేచినది. ఆ దినమున తొందరపడి ఫార్మాటు చేసినవారే నష్టపోవుదురు. రెండవది, దోషపు ఫైలును కంపెనీ 78 నిమిషములలో ఉపసంహరించినను, పడిపోయిన యంత్రములలో అనేకమును దూరమునుండి బాగుచేయ వీలులేక, ఒక్కొక్కదాని యొద్దకు మనిషి పోవలసివచ్చినది. బిట్‌లాకర్ తాళమున్న చోట 48 అంకెల కీ కొరకు వెదకులాట తప్పలేదు. మూడవది, కాగితము, కలము ఉన్నందున విమాన ప్రయాణము పూర్తిగా ఆగలేదు.

సంఘములు చేయదగినవి

పై విషయములనుబట్టి ప్రతి సంఘమును కొన్ని ఏర్పాట్లు చేసికొనవలెనని మేము కోరుచున్నాము. ఇందులకు ఖర్చు స్వల్పము, ఫలము గొప్ప.

ఒకటి, ప్రతి యంత్రమునకు ఒక పుస్తకము పెట్టవలెను. యంత్రము బాగుగా నున్న దినముననే ఫర్మువేరు పుటలను తెరచి, బూటు వరుస, సిఎస్ఎమ్, సెక్యూర్ బూటు, డిస్కు పద్ధతి ఏ స్థితిలో నున్నవో ఫోనుతో చిత్రములు తీసి, పుస్తకమున వ్రాసి, తేదీ వేయవలెను. బ్యాటరీ వేసిన తేదీయు అందులోనే యుండవలెను. మార్పు చేసినవాడు తన పేరును, చేసిన మార్పును వ్రాసి సంతకము చేయవలెను. నగదు పుస్తకమున కొట్టివేతకు సంతకము కోరు మనము దీనికేల కోరరాదు?

రెండు, రికవరీ కీని అచ్చుతీసి కవరులో పెట్టి, సీలు వేసి, ఇనుప బీరువాలో దాచవలెను. గుమాస్తా బదిలీయైనప్పుడు తాళపుచెవులతోపాటు దీనిని కూడ అప్పగింత పట్టీలో చేర్చవలెను.

మూడు, పద్దుల నకలు ఎల్లప్పుడును రెండు చోట్ల నుండవలెను. అందొకటి కార్యాలయము వెలుపల నుండవలెను. పద్దులు బ్యాంకు సర్వరుపై నుండు సంఘములును, కార్యాలయపు యంత్రములోనే నిలిచిన ఉత్తరములు, జాబితాలు, లెక్కల పట్టికలు మరువరాదు.

నాలుగు, ధాన్యపు కొనుగోలు నడుచుచున్న కాలమున ఏ యంత్రమునకును సెట్టింగులు మార్చరాదు, క్రొత్త విండోసునకు పోరాదు. ఆ పనికి రెండు పంటల నడుమ తీరిక కాలము తగినది. పాత పట్టికగల డిస్కును జిపిటికి మార్చుటకు విండోస్ 10లోనే ఎమ్‌బిఆర్2జిపిటి అను సాధనము కలదు; మొదట దానితో డిస్కును మార్చి, పిదప ఫర్మువేరును మార్చుట క్రమము. దానికి ముందు నకలు తీయుట తప్పనిసరి.

ఐదు, అచ్చు రసీదు పుస్తకములు, తూకపు చీటీలు కొన్ని ఎల్లప్పుడును సిద్ధముగా నుంచవలెను. యంత్రము లేవని దినమున ధాన్యమును తూచి, చేతితో చీటీ వ్రాసి, రైతును ఇంటికి పంపి, యంత్రము లేచిన పిదప ఎక్కించుకొనవచ్చును. పనిచేయని యంత్రముకొరకు రైతును ఎండలో నిలుపుట సహకార ధర్మము కాదు.

సభ్యులకు కూడ ఒక మాట. మీ సంఘములో కంప్యూటరు నిలిచినదని విన్నప్పుడు కార్యదర్శిని రెండు ప్రశ్న లడుగుడు: "చివరిసారి మార్చిన దేమి? పద్దుల నకలు ఎచ్చట నున్నది?" ఈ రెంటికి సమాధానము దొరకినచో భయపడ నక్కరలేదు. రెండవదానికి సమాధానము లేనిచో, నకలు తీయువరకును డిస్కును ఎవరిని తాకనీయవలదు. యంత్రము పోయినచో సంఘము మరొకటి కొనగలదు. ఎవరి బాకీ ఎంతయో, ఎవరు చెల్లించిరో తెలుపు వ్రాత పోయినచో అంగట కొనుటకు దొరకదు.